పొలాల్లో దాడులు, రోమ్‌లో పీఠం

ఫాసిజం సంస్థగా రూపం దిద్దుకున్నది ఇటలీలోని మిలాన్ నగరంలో, 1919 మార్చి 23న. సాన్ సెపోల్‌క్రో కూడలిలో జరిగిన ఆ సభకు మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, జాతీయవాదులైన కార్మిక నాయకులు, యుద్ధాన్ని కీర్తించే ఫ్యూచరిస్టు కళాకారులు హాజరయ్యారు. సభ పెట్టిన బెనిటో ముస్సోలినీ కమ్మరి కొడుకు, సోషలిస్టు పత్రిక 'అవంతి'కి మాజీ సంపాదకుడు. ఇటలీ యుద్ధంలో దిగాలని వాదించినందుకు 1914లో సోషలిస్టు పార్టీ అతణ్ని వెళ్లగొట్టింది.

తొలి కార్యక్రమంలో ఎనిమిది గంటల పనిదినం, మహిళలకు ఓటుహక్కు, యుద్ధ లాభాలపై భారీ పన్ను వంటి డిమాండ్లుండేవి. జనం పట్టించుకోలేదు. ఆ నవంబరు ఎన్నికల్లో ఫాసిస్టులకు ఒక్క సీటూ రాలేదు.

దేశం మాత్రం కుతకుతలాడుతోంది. యుద్ధంలో సుమారు 6 లక్షల మంది సైనికులు చనిపోయారు. గెలిచినా ఆశించిన భూభాగమంతా దక్కలేదన్న కసి జాతీయవాదుల్లో మిగిలింది. ధరలు మండిపోయాయి. 1920 సెప్టెంబరులో మిలాన్, ట్యూరిన్‌లలో కార్మికులు ఫ్యాక్టరీలను ఆక్రమించారు. పో నది లోయలో ఏ కమతంలో ఎంతమందిని పనికి పెట్టుకోవాలో కూలీ సంఘాలే నిర్ణయించే స్థితి వచ్చింది.

ఫాసిజానికి ఊపిరి పోసింది ఈ లోయే. 1920 చివరి నుంచి బొలోన్యా, ఫెరారా ప్రాంతాల్లో భూస్వాముల డబ్బుతో నల్లచొక్కాల ఫాసిస్టు దళాలు లారీల్లో పల్లెల మీద పడ్డాయి. సంఘం నాయకుణ్ని ఇంట్లోంచి ఈడ్చుకొచ్చి, దుడ్డుకర్రలతో బాది, బలవంతంగా ఆముదం తాగించేవారు. అందరి ముందూ పరువు తీసి, మళ్లీ నోరెత్తకుండా చేయడమే దాని ఉద్దేశం. సంఘాల కార్యాలయాలను తగలబెట్టారు. చాలాచోట్ల పోలీసులు చూసీ చూడనట్లు ఊరుకున్నారు. సంఘం చెదిరిన కూలీలు పని దొరకాలంటే ఫాసిస్టు సంఘంలోనే చేరాల్సి వచ్చింది.

ఈ దళాలను అదుపులో పెట్టుకుని సోషలిస్టుల మీదికి వాడుకోవచ్చని పాత తరం నేతలు లెక్కవేశారు. 1921 ఎన్నికల్లో ప్రధాని జొలిట్టి ఫాసిస్టులను తన కూటమిలో చేర్చుకోవడంతో వారికి 35 సీట్లు వచ్చాయి. 1922 అక్టోబరు 28న నల్లచొక్కాలు రోమ్ వైపు కదిలినప్పుడు, ప్రధాని ఫాక్టా సిద్ధం చేసిన సైనిక శాసన ఉత్తర్వుపై రాజు మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం పెట్టలేదు. పైగా ముస్సోలినీనే ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నాడు. అతను మిలాన్ నుంచి రాత్రి రైలెక్కి వచ్చి, 39వ ఏట ప్రధాని అయ్యాడు.

తరువాతి మెట్లు వేగంగా దాటాడు. 25 శాతం ఓట్లు దాటి మొదటి స్థానంలో నిలిచిన జాబితాకు మూడింట రెండొంతుల సీట్లు కట్టబెట్టే చట్టం 1923లో వచ్చింది. మరుసటి ఏడు ఎన్నికల అక్రమాలను పార్లమెంటులో ఎండగట్టిన సోషలిస్టు నాయకుడు జాకొమో మాట్టెయోట్టిని జూన్ 10న ఫాసిస్టులు అపహరించి చంపేశారు. 1925 జనవరి 3న, జరిగినదానికంతటికీ బాధ్యత తనదేనని ముస్సోలినీ పార్లమెంటులోనే ప్రకటించినా, అతణ్ని తొలగించే సాహసం ఎవరూ చేయలేదు. 1926 ముగిసేసరికి ప్రతిపక్షాలు, సమ్మె హక్కు రెండూ పోయాయి.

సిద్ధాంత గ్రంథం మాత్రం అధికారం దక్కిన పదేళ్లకు గానీ రాలేదు. 1932లో ఇటాలియన్ విజ్ఞాన సర్వస్వంలో ముస్సోలినీ పేరుతో వెలువడిన వ్యాసంలో తొలి భాగం తత్వవేత్త జొవాన్ని జెంటీలే రాసినదే. దాని ప్రకారం రాజ్యమే సర్వస్వం. రాజ్యం వెలుపల వ్యక్తికి విలువ లేదు. వర్గపోరాటం, ఉదారవాదం, మెజారిటీ పాలన, శాశ్వత శాంతి అన్నీ తిరస్కరించదగినవే. యజమానులను, కార్మికులను రాజ్యం కిందే ఒకే గూటికి చేర్చే కార్పొరేట్ వ్యవస్థను ఫాసిస్టులు తమ ఆర్థిక విధానంగా చెప్పుకున్నారు. ఆచరణలో యజమానుల మాటే చెల్లింది. జాతివాదం జర్మనీలోని నాజీలకు మొదటి నుంచీ మూలసూత్రం. ఇటలీలో మాత్రం యూదు వ్యతిరేక చట్టాలు 1938లో గానీ రాలేదు.

రోమ్‌లో జరిగినదాన్ని చూసి నాజీ నాయకుడు హిట్లర్ 1923 నవంబరులో మ్యూనిక్‌లో తిరుగుబాటుకు దిగి విఫలమయ్యాడు. 1933 జనవరి 30న అతణ్ని ఛాన్సలర్‌గా నియమించింది అధ్యక్షుడు హిండెన్‌బర్గే. అక్కడా సంప్రదాయవాద నేతలు అతణ్ని తమ గుప్పిట్లో పెట్టుకోగలమనే అనుకున్నారు. రెండు దేశాల్లోనూ వీధి హింస ఫాసిస్టులను గుమ్మం దాకా తెచ్చింది; తలుపు తీసింది లోపలున్నవాళ్లే.