పేరులేని సంపుటం

నెల రోజులుగా నా నుంచి కొత్త టపా రాలేదు. ఆరోగ్యం బాగుందా అని ఇద్దరు ముగ్గురు మిత్రులు ఉత్తరాలు వ్రాశారు. ఆరోగ్యానికి ఏ లోటూ లేదు. నా అజ్ఞానం వల్ల కలిగిన ఒక ఆపద నుంచి బయటపడడానికీ, బయటపడిన తరువాత అది ఎందుకు కలిగిందో చదివి తెలుసుకోవడానికీ ఇన్నాళ్లు పట్టింది. ఛందస్సు గురించో, శబ్దవ్యుత్పత్తి గురించో వ్రాసే నేను ఈసారి కంప్యూటరు కంటైనర్ల చరిత్ర వ్రాస్తుంటే మీకు నవ్వు రావచ్చు. అయినా కొంచెం ఓపిక పట్టి చదవండి. ఇందులో కూడా మన సొమ్ము కొంత ఉన్నది.

తెలుగు పండితుడిగా ముప్పై ఏళ్లకు పైగా పల్లెటూళ్లలో పని చేసినప్పుడు రైతుల నోట, కూలీల నోట విన్న మాటలను చీటీలపై వ్రాసుకోవడం నాకు అలవాటు. అటువంటి చీటీలు నాలుగువేల పైచిలుకు పోగుపడ్డాయి. వాటిని ఒక డేటాబేసులో చేర్చి, వెదకడానికి వీలుగా ఉంచాలని కోరిక. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఫోనులో దారి చెప్పగా, మా ఇంటి కంప్యూటరులో డాకర్ అనే సాధనాన్ని స్థాపించి, దానిలో పోస్ట్‌గ్రెస్ 16వ సంచికను నడిపించాను. మూడు వారాలలో పదకొండు వందల మాటలు ఎక్కించాను. చీటీలలో కొన్నింటిని అప్పటికే చెదలు సగం తిన్నాయి. వాటిని ఎక్కించిన వెంటనే పారవేస్తూ వచ్చాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఒకనాడు అమరిక దస్త్రంలో ఏదో చిన్న సవరణ చేసి, కంటైనరును దించి మళ్లీ ఎత్తాను. డేటాబేసు చక్కగా మొదలైంది. దోషమేమీ చూపలేదు. అందులో ఒక్క మాట కూడా లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆ మూడు వారాల శ్రమ పోతే పోనీ, మళ్లీ చేయవచ్చు. పారవేసిన చీటీలు మళ్లీ రావు. ఆ మాటలు చెప్పినవారిలో చాలామంది ఇప్పుడు లేరు.

ఇక చరిత్రలోకి వస్తాను. కంటైనరు అనగానే ఓడలమీది ఇనుప పెట్టె మనసులో మెదులుతుంది. ఇక్కడ పెట్టె ఏదీ లేదు. ఉన్నది దృష్టిని పరిమితం చేసే ఏర్పాటు మాత్రమే. 1979లో బెల్ ప్రయోగశాల నుంచి వెలువడిన ఏడవ యునిక్స్‌లో సీహెచ్‌రూట్ అనే ఆజ్ఞ చేరింది. ఫైళ్ల వృక్షంలో ఏదో ఒక కొమ్మను చూపి, ఈ ప్రక్రియకు ఇదే మూలం, దీనికి పైన ఏమీ లేదు అని నమ్మించడం దాని పని. 2000లో వెలువడిన ఫ్రీబీఎస్‌డీ 4.0 ఈ భావాన్ని బిగించి జైల్ అని పేరు పెట్టింది. 2002లో లినక్స్‌కు మౌంట్ నేమ్‌స్పేస్ వచ్చింది, అంటే ఏ ప్రక్రియకు ఏ నిల్వలు తగిలించి కనబడాలో విడివిడిగా నిర్ణయించే వీలు. వనరుల వాటాలను నియంత్రించే సీగ్రూపులు 2008 జనవరిలో లినక్స్ 2.6.24తో వచ్చాయి. వీటిని కలిపి అందరి చేతికీ అందేలా చేసినది డాకర్. డాట్‌క్లౌడ్ అనే సంస్థకు చెందిన సాలమన్ హైక్స్ 2013 మార్చిలో, శాంటా క్లారాలో జరిగిన పైతాన్ సదస్సులో కొద్ది నిమిషాల ప్రసంగంలో దానిని చూపించాడు.

ఈ కథ అందరూ చెప్పేదే. నాకు ఆసక్తి కలిగించినది దీని పక్కనే నడిచిన మరొక కథ, నిల్వ కథ.

ఒకే పుస్తకానికి పది ప్రతులు కావాలంటే పదిసార్లు వ్రాయనక్కరలేదు. మూలగ్రంథాన్ని ముట్టుకోకుండా, దానిపై ఒక పలుచని పారదర్శక పత్రం పరచి, సవరణలన్నీ ఆ పత్రం మీదనే వ్రాసుకుంటే చాలు. పైనుంచి చూసేవాడికి రెండూ కలిసి ఒకే పుటగా కనిపిస్తాయి. యూనియన్ ఫైల్ సిస్టం అంటే ఇదే. బెల్ ప్రయోగశాలవారి ప్లాన్ 9లో దీని పోలికలున్నాయి. లినక్స్‌లో దీనిని యూనియన్‌ఎఫ్‌ఎస్ పేరుతో నిర్మించినవారు న్యూయార్కు రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో ఎరెజ్ జాడోక్ బృందంవారు. నాపిక్స్ వంటి సీడీల నుంచి నేరుగా నడిచే లినక్సులకు అది వరమైంది. సీడీ మీద వ్రాయడం సాధ్యం కాదు కనుక, మార్పులు జ్ఞాపకశక్తిలోని పై పొరలో ఉంటాయి. 2006లో జున్‌జిరో ఒకాజిమా అనే జపాను దేశీయుడు దీనికి పోటీగా ఏయూఎఫ్‌ఎస్ వ్రాశాడు. డాకర్ పుట్టినప్పుడు నిలబడినది ఈ ఏయూఎఫ్‌ఎస్ మీదనే.

చిక్కేమిటంటే, లినక్సు మూలవృక్షంలోకి ఏయూఎఫ్‌ఎస్‌ను ఏనాడూ చేర్చుకోలేదు. ఉబుంటు వారు తమంతట తాము కలుపుకున్నారు. రెడ్‌హ్యాట్ వారు కలుపుకోలేదు. అందువల్ల రెడ్‌హ్యాట్ కుటుంబంలో డాకర్ నడవాలంటే మరొక ఆధారం కావలసి వచ్చింది. రెడ్‌హ్యాట్‌కు చెందిన అలెగ్జాండర్ లార్సన్ డివైస్ మ్యాపర్ అనే పాత సాధనాన్ని ఆధారం చేసుకొని ఒక డ్రైవరు వ్రాశాడు. 2013 నవంబరులో వచ్చిన డాకర్ 0.7తో, ఏ నిల్వ పద్ధతి కావాలో ఎంచుకునే వీలు కలిగింది. ఎంచుకునే వీలు కలిగిన నాటినుంచే తప్పుగా ఎంచుకోవడం కూడా మొదలైంది.

డివైస్ మ్యాపర్ కోసం ప్రత్యేకంగా డిస్కు కేటాయించకపోతే, డాకర్ తానే రెండు ఉత్తుత్తి దస్త్రాలను సృష్టించుకునేది. సమాచారానికి 100 గిగాబైట్లు, దాని పట్టికకు 2 గిగాబైట్లు. అవి కాగితం మీది కొలతలే. నిజంగా అంత చోటు ఉన్నదో లేదో చూసేది కాదు. ఖాళీ గాదెకు తాళం వేసి నిండుగా ఉందని చెప్పుకోవడం వంటిది. ప్రయోగం చేసి చూసుకోవడానికి పనికివస్తుంది. దానినే నమ్ముకొని సంసారం నడిపినవారికి ఒకనాడు చోటు అయిపోయి, వ్రాతలన్నీ విఫలమయ్యేవి. డాకర్ తన సమాచారపట్టికలో దీనిని గురించి హెచ్చరిస్తూనే ఉండేది. హెచ్చరికలు చదివేవారు ఎందరు? నేను చదవలేదు కదా! దీనికి సరైన సవరణ, నిజమైన డిస్కు భాగాన్ని ఎల్‌వీఎం ద్వారా కేటాయించడం.

2014 డిసెంబరులో వెలువడిన లినక్స్ 3.18లో మిక్లోష్ సెరెది వ్రాసిన ఓవర్‌లే ఎఫ్‌ఎస్ చేరింది. పొరల విద్యకు ఎట్టకేలకు మూలవృక్షంలో చోటు దొరికింది. దానిని మెరుగుగా వాడుకునే ఓవర్‌లే2 డ్రైవరు 2016లో డాకర్ 1.12తో వచ్చింది. ఇక్కడా ఒక మెలిక ఉన్నది. కింద ఉన్న ఫైల్ సిస్టం, తన జాబితాలోని ప్రతి పేరు పక్కన అది ఫైలో, సంచీయో, మరొకటో చెప్పగలగాలి. మన భాషలో చెప్పాలంటే ప్రతి శబ్దానికీ లింగనిర్దేశం ఉండాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో పాతకాలంలో సిద్ధం చేసిన కొన్ని డిస్కులలో ఈ నిర్దేశం ఉండదు. అటువంటి చోట ఓవర్‌లే నడిపితే చెరిపిన ఫైళ్లు చెరగకపోవడం వంటి వింతలు జరిగేవి. ఆ గుణాన్ని తరువాత చేర్చడం కుదరదు, డిస్కును మొదటినుంచి సిద్ధం చేయవలసిందే. తరువాతి సంచికలలో డాకర్ అటువంటి డిస్కుపై ఓవర్‌లేను వాడనని నిరాకరించసాగింది. అది మంచి పని.

మరొక దోషం చూడగానే నాకు పాఠశాల గుర్తుకొచ్చింది. నిల్వ డ్రైవరు ఏదో అమరిక దస్త్రంలో వ్రాసి, ప్రారంభించే ఆజ్ఞలో కూడా మళ్లీ వ్రాస్తే డాకర్ అసలు మొదలు కాదు. రెండుచోట్లా ఒకే మాట ఉన్నా సరే. పునరుక్తి దోషాన్ని ఇంత కఠినంగా పట్టించుకున్న ఆలంకారికుడిని నేను చూడలేదు.

పండితులకు నచ్చే ముచ్చట ఇంకొకటి. కింది పొరలోని ఫైలును పై పొర నుంచి చెరపడం అసాధ్యం కనుక, చెరిపినట్లు ఒక గుర్తు మాత్రమే పెడతారు. ఏయూఎఫ్‌ఎస్ ఆ గుర్తును, చుక్క, డబ్ల్యూ, హెచ్, చుక్క అనే ఉపసర్గతో మొదలయ్యే పేరుతో సూచించేది. డాకర్ 24వ సంచికలో, 2023లో, ఏయూఎఫ్‌ఎస్‌ను పూర్తిగా తొలగించారు. 25వ సంచికలో డివైస్ మ్యాపరూ పోయింది. కానీ పొరలను మూటకట్టి పంపే ప్రామాణిక రూపంలో నేటికీ ఆ ఉపసర్గే నిలిచి ఉన్నది. ఉచ్చారణలో ఏనాడో పోయిన అరసున్న పాత అచ్చుపుస్తకాలలో నిలిచి ఉన్నట్లు!

ఈ పొరలన్నీ కంటైనరుతో పుట్టి కంటైనరుతో పోయేవి. శాశ్వతంగా ఉండవలసిన సమాచారానికి ఏర్పడినది వాల్యూమ్. తొలినాళ్లలో దానికంటూ పేరుండేది కాదు. సమాచారాన్ని పట్టుకొని ఉండడానికే ఒక కంటైనరును ఊరక నిలబెట్టి, మిగిలినవాటిని దానికి చుట్టరికం కలిపేవారు. 2015 నవంబరులో వచ్చిన 1.9తో వాల్యూముకు మనం పేరుపెట్టి పిలుచుకునే పద్ధతి స్థిరపడింది. వాల్యూమ్ అనే మాట లాటినులో చుట్టకు పేరు, అంటే చుట్టి ఉంచే గ్రంథం. దానికి మనం వాడే సంపుటం అన్న మాటకు సంస్కృతంలో మూత ఉన్న భరిణె అని కూడా అర్థమున్నది. వాల్యూముకూ కంటైనరుకూ కూడా ఒకే మాట సరిపోతుందన్నమాట. ఈ సంగతి తోచినప్పుడు, నా మాటలు దొరకక మునుపే, కొంచెం ఊరట కలిగింది.

నా తప్పు ఏమిటో ఇప్పుడు చెప్పవచ్చు. పోస్ట్‌గ్రెస్ తన సమాచారాన్ని వార్, లిబ్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, డేటా అనే నాలుగు మెట్ల చోట ఉంచుతుంది. ఆ నాలుగవ మెట్టు వద్ద వాల్యూమ్ ఉండాలని ఆ ప్రతిమలోనే ప్రకటించి ఉన్నది. నేను పేరుపెట్టిన వాల్యూమును మూడవ మెట్టు వద్ద తగిలించాను. చివరి మాట వదిలేశాను. దానితో డాకర్, నాలుగవ మెట్టు వద్ద తానే ఒక పేరులేని వాల్యూమును సృష్టించింది. నా మాటలన్నీ అందులోకి వెళ్లాయి. నా పేరుగల సంపుటం ఖాళీగా ఉండిపోయింది. కంటైనరును ఆపి మళ్లీ నడిపినన్నాళ్లు ఆ పేరులేనిదే వెంట వచ్చింది. పూర్తిగా దించి ఎత్తేసరికి కొత్త కంటైనరుకు మరొక పేరులేని ఖాళీ వాల్యూమ్ దక్కింది.

పోస్ట్‌గ్రెస్ 18వ సంచిక ప్రతిమలో, 2025లో, ఈ ప్రకటనను మూడవ మెట్టుకు మార్చారు. అంటే నేను చేసిన తప్పే ఇప్పుడు ఒప్పు. పాత పద్ధతిలో నాలుగవ మెట్టు వద్ద తగిలించినవారికి దోషవాక్యం ఎదురవుతున్నది. ఒకప్పుడు విద్యార్థుల వ్రాతల్లో ఎర్రసిరాతో గీతలు గీసిన ప్రయోగాలు తరువాత పాఠ్యపుస్తకాలలోకి ఎక్కడం చూసినవాడిని కనుక ఆశ్చర్యపోలేదు.

మర్నాడు ఉదయం మేనల్లుడికి ఫోన్ చేశాను. “మావయ్యా, ముందు మీరేమీ ముట్టుకోకండి” అన్నాడు. ముట్టుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను. డిస్కు నిండుతున్నదన్న హెచ్చరిక చూసి, వాడని వాల్యూములను ఊడ్చివేసే ప్రూన్ అనే ఆజ్ఞ అప్పటికే టైపు చేసి ఉంచాను. ఎంటర్ నొక్కలేదంతే. ఆ మాట చెప్పగానే అవతల కాసేపు నిశ్శబ్దం. 2023లో వచ్చిన 23వ సంచిక నుంచి ఆ ఆజ్ఞ పేరున్నవాటిని వదిలి, పేరులేనివాటినే ఊడ్చేస్తుందట.

జాబితా తీస్తే, అరవైనాలుగు అక్షరాంకెల పొడవున, ఏ అర్థమూ లేని పేర్లతో తొమ్మిది వాల్యూములు కనబడ్డాయి. గద్య లేని తాళపత్ర ప్రతులను ముందేసుకొని, ఇది ఎవరిది, ఎప్పటిది అని తేల్చుకునే పని నాకు కొత్త కాదు. పుట్టిన తేదీలు చూసి మూడింటిని వేరు చేశాము. ఒక్కొక్కదానిని, వ్రాయడానికి వీలులేని విధంగా తగిలించి, లోపల ఎంత పరిమాణం ఉన్నదో చూశాము. రెండవది బరువుగా ఉన్నది. దానికి ఒక నకలు తీసి, ఆ నకలును మరొక పోస్ట్‌గ్రెస్ 16 కంటైనరుకు నాలుగవ మెట్టు వద్ద తగిలించి నడిపాము. పదకొండు వందల మాటలూ వచ్చాయి. వాటిని ఒక మామూలు పాఠ్యదస్త్రంగా దింపి, పేరుగల వాల్యూములోకి సరైన చోట ఎక్కించాము. ఆ పాఠ్యదస్త్రం ప్రతి ఒకటి ఇప్పుడు మా అమ్మాయి ఇంట్లో కూడా ఉన్నది. మిగిలిన చెదలు తిన్న చీటీలను పారవేయడం మానేశాను. ఒక రేకు పెట్టెలో కర్పూరం బిళ్లలు వేసి ఉంచుతున్నాను.

పోయిందనుకున్ననాడు చివరగా ఎక్కించిన మాట ఏదో వెదికి చూశాను. పాతర. ధాన్యం నేలలో గోయి తీసి దాచే చోటు. దాని కింద నేనే వ్రాసుకున్న సందేహం ఒకటి కనిపించింది: పాతరకు అడుగున పరిచే గడ్డికి ఒక ప్రత్యేకమైన పేరు చెప్పింది ఒక ముసలమ్మ, చీటీలో సగం అక్షరాలు చెదలు తిన్నాయి. ‘త’తో మొదలవుతుంది, రెండవ అక్షరం కనబడడం లేదు. పాతరలు చూసిన పెద్దలు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే, దయచేసి అడిగి చెప్పగలరు.