నడక ధ్యానం (నగరాల్లో)
నడకనే ధ్యానంగా మలచుకునే బౌద్ధ సాధన. ప్రాచీన గ్రంథాల్లో దీని పేరు చంక్రమణం. బుద్ధగయలో మహాబోధి ఆలయానికి ఉత్తరాన, బుద్ధుడు నడిచాడని చెప్పే చోట రాతి పద్మాలు నేటికీ కనిపిస్తాయి. ఈ సాధనను ఆధునిక నగరాలకు సామూహికంగా తెచ్చినవారిలో వియత్నాం భిక్షువు తిక్ న్యాట్ హాన్ (1926–2022) ముఖ్యుడు. గాలి పీల్చేటప్పుడు రెండు మూడు అడుగులు, వదిలేటప్పుడు మరికొన్ని, మాటలుండవు. అడుగుల లెక్క కోసం ఊపిరి బిగబట్టకూడదు. ముందు నడిచేవారి వేగమే బృందం వేగం. రోడ్డు దాటడానికి సిగ్నల్ దగ్గర ఆగినా శ్వాసపై ధ్యాస తప్పకూడదు. హారన్ల మధ్య ఇది తేలికేమీ కాదు. నగరం నడుమ కూర్చుని చేసే సామూహిక ధ్యానమూ ఉంది: 2012 మార్చి 31న లండన్‌ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో తిక్ న్యాట్ హాన్ సమక్షంలో వేలాదిమంది ఆరుబయట కూర్చుని ధ్యానం చేశారు.