తప్పు, తప్పదు

పావగడ శనేశ్వరుడి గుడి దగ్గర శనివారం పొద్దున కాసేపు నిలబడితే రెండు మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. "తెలిసో తెలీకో తప్పు జరిగుంటే మన్నించు స్వామీ" అని ఒకటి. "ఏలినాటి శని, అనుభవించక తప్పదు" అని ఇంకోటి. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉన్న కర్ణాటక తాలూకా ఇది. ఇంట్లో ఏడు అనేవాళ్లు తాలూకా ఆఫీసులో ఏళు అంటారు. తప్పు మాత్రం రెండు భాషల్లోనూ తప్పే.

ఈ మాటలో నేరం వాసన తర్వాత తగులుతుంది. ముందు దాన్ని క్రియగా వినాలి. గురి తప్పింది, దారి తప్పాడు, తాళం తప్పింది. వీటిలో ఎక్కడా దుర్బుద్ధి లేదు. తగలాల్సిన చోట తగల్లేదు, అంతే.

గ్రీకు విషాద నాటకాల నాయకుడు ఎందుకు కూలిపోతాడో చెబుతూ అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రం 13వ అధ్యాయంలో 'హమార్తియా' అన్నాడు. దాని క్రియారూపాన్ని హోమర్ ఈటె గురి తప్పడానికి వాడాడు. మన కాలేజీ పాఠాల్లో దీన్ని 'నాయకుడి స్వభావ లోపం' అని చెప్పేస్తుంటారు. నాకది మింగుడుపడదు. లోపం మనిషిలో ఉండేది, తప్పు మనిషి చేతిలో జరిగేది. పొగరో కోపమో ఉన్నవాళ్లు లోకంలో కోకొల్లలు, అందరూ ఈడిపస్‌లు అవుతున్నారా?

సోఫోక్లిస్ రాసిన ఆ ఈడిపస్‌నే చూడండి. తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావని దైవవాణి చెప్పింది. పెంచినవాళ్లనే కన్నవాళ్లనుకుని, వాళ్లకు దూరంగా ఉండాలని కొరింథు వదిలేశాడు. మూడు దారులు కలిసే చోట బండి మీద వచ్చిన ముసలాయన దారి ఇమ్మని కొడితే, తిరగబడి చంపేశాడు. కన్నతండ్రి ఆయనే. తప్పించుకోబోయాడు, తప్పు చేశాడు, తప్పలేదు. మూడూ ఒక్క ధాతువే. ఈ కథ చెప్పడానికే తెలుగు పుట్టిందా అనిపిస్తుంది.

పావగడకు ఉత్తరాన బళ్లారి. అక్కడ వకీలుగా ఉంటూ నాటకాలు రాసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) 'విషాద సారంగధర'ను తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెబుతారు. కథ అందరికీ తెలిసిందే. పావురం ఎగిరిపోయి పినతల్లి చిత్రాంగి మేడలో వాలింది. దానికోసం సారంగధరుడు వెళ్లాడు. ఆమె వలచింది, అతను కాదన్నాడు. ఆమె నింద వేసింది. తండ్రి రాజరాజనరేంద్రుడు నమ్మి కాళ్లూ చేతులూ నరకమన్నాడు. (చరిత్రలోని రాజరాజనరేంద్రుడికి ఇది అంటగట్టకూడదు. నన్నయ చేత భారతం రాయించిన మనిషి ఆయన.)

ఏ పాపం ఎరగని మనిషి నాశనం కావడం విషాదం అనిపించుకోదు, వెగటు పుట్టిస్తుందంటాడు అరిస్టాటిల్. ఆ లెక్కన సారంగధరుడు నాయకుడు కాలేడు. తప్పు చేసిందెవరు? రాజు. దుర్మార్గుడేమీ కాదు. న్యాయం చేస్తున్నాననుకునే శిక్ష వేశాడు. ఒక్క పూట ఆగి విచారించి ఉంటే కొడుకు దక్కేవాడు. అచ్చంగా గురి తప్పడం అంటే ఇదే. మనం వందేళ్లకు పైగా కొడుకు కోసం ఏడుస్తూ, ఆ తండ్రిని సరిగా చూడనే లేదనిపిస్తుంది.

శనికి గడువుంది. రాశికి రెండున్నరేళ్లు, మూడు రాశులకు ఏడున్నర. పోతూ పోతూ మేలు చేసి పోతాడని కూడా నమ్మకం. జనం చెప్పుకునే కథలో సారంగధరుడికీ అలాంటి మేలే జరిగింది, సిద్ధుడి దయతో కాళ్లూ చేతులూ తిరిగొచ్చాయి. నిజం తెలిసిన తండ్రికి ఏ గ్రహమూ గడువు పెట్టలేదు. ఆ నాటకాన్ని మళ్లీ ఎవరైనా ఆడితే, రాజు వేషాన్ని తమ సమాజంలోకెల్లా మంచి నటుడికి ఇవ్వాలని నా కోరిక.