కోరి వరించిన కష్టము

కష్టము రెండు విధములు: నెత్తిన వచ్చి పడునది యొకటి, మనము కోరి తలకెత్తుకొనునది మరియొకటి. మొదటిది మనుష్యుని కుంగదీయవచ్చును. రెండవది అతనిని రాటుదేల్చును. ఇందుకు చీరాల పేరాల చరిత్రమే నిదర్శనము.

మదరాసు ప్రభుత్వము 1920 నాటికి ఈ జంట గ్రామములను పురపాలక సంఘముగా మార్చినది. ఏటా 4,000 రూపాయలుగా నుండిన పన్ను 40,000కు పెరిగినది. ప్రజలలో పలువురు మగ్గమును నమ్ముకొని బ్రదుకువారు. వారికది మోయరాని భారము. 1921 ఏప్రిలులో చీరాలకు విచ్చేసిన గాంధీమహాత్ముడు, హింసకు దిగక ఊరు విడిచిపోవుట ఒక మార్గమని సూచించెను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు ఆ మార్గమునే ఎన్నుకొనిరి. సుమారు 15,000 మందిలో 13,000కు పైగా ఇండ్లు వదలి, ఊరి వెలుపల పాకలు వేసుకొని, ఆ తావునకు రామనగరమని పేరిడిరి.

ఎండ, వాన, చలి మూడును ఆ పాకలలోనే గడచినవి. ఆ ఓర్పు వారికి ఎట్లు అబ్బినది? రామదండు సేవకులు క్రమశిక్షణను కాపాడిరి. అంతకు మించి, ప్రక్క పాకవాడును తనవలెనే తడియుచున్నాడను ఎరుక ప్రతివానికిని బలమైనది.

గోపాలకృష్ణయ్యగారు కారాగారము పాలైరి, ధనము కొరవడినది. 11 నెలల పిమ్మట జనులు తిరిగి ఇండ్లు చేరిరి; పురపాలక సంఘము నిలిచినది. ఫలితము మాత్రమే చూచువారు దీనిని ఓటమి యందురు. కాని మెత్తని పడకపై ఎవరికిని ధైర్యము అలవడదు. తాము ఎంతవరకు ఓర్వగలరో చీరాల పేరాల ప్రజలు ఆ పాకలలోనే తెలిసికొనిరి.