అద్దె ఇంటికి పొరుగువారి పూచీ

నెలాఖరులోగా ఇల్లు ఖాళీ చేయాలని యజమాని చెప్పగానే, ఒకే ఫ్లాటులో కలిసి ఉంటున్న యువకులు ముందుగా ఎదురింటివారిని, పచారీ కొట్టు యజమానిని, వాచ్‌మన్‌ను అడుగుతారు. ‘చుట్టుపక్కల ఏదైనా ఖాళీ ఉంటే చెప్పండి’ అన్న ఆ మాటలో రెండు అభ్యర్థనలున్నాయి. ఒకటి ఇంటి ఆచూకీ. రెండోది, ‘వీళ్లు మంచివాళ్లే, మాకు తెలుసు’ అన్న పూచీ. భారతీయ నగరాల్లో అద్దె ఇళ్ల చరిత్రలో రెండోదానిదే పెద్ద పాత్ర.

ఆ చరిత్రను బొంబాయిలో చూసినంత స్పష్టంగా మరెక్కడా చూడలేము. పత్తి మిల్లుల కోసం కొంకణ్ నుంచి, దక్కన్ పీఠభూమి నుంచి వచ్చిన కార్మికులకు ఆ నగరం పని ఇచ్చింది కానీ గూడు ఇవ్వలేదు. ఊరివాడు ఒకడు చాల్‌లో ఒక గది పట్టేవాడు. అతని వెంట అదే ఊరివారు మరికొందరు చేరేవారు. పగటి షిఫ్టువారు పనికి వెళ్లగానే రాత్రి షిఫ్టువారు అదే చోట పడుకునేవారు. పెట్టెలు గోడవారన, చాపలు వసారాలో ఉండేవి. భోజనం ఖానావళి నడిపే స్త్రీల దగ్గర. గోవా నుంచి వచ్చిన ఓడ కార్మికులు, వంటవారు ఊరికొకటిగా ‘కుడ్’ అనే సమష్టి వసతి గృహాలను నిర్వహించుకున్నారు. నిజాం రాజ్యం నుంచి వలసవెళ్లిన తెలుగు కూలీలను అక్కడ కామాఠీలు అన్నారు. కామాఠీపురా పేరు వారి నుంచి వచ్చినదే. ఎవరి వాడలో వారికి చోటు దొరకడానికి ఊరు, భాష, కులం ఆధారమయ్యాయి.

1896లో ప్లేగు వచ్చింది. కిక్కిరిసిన బస్తీలే వ్యాధికి మూలమని భావించిన ప్రభుత్వం 1898లో బొంబాయి సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును నెలకొల్పింది. ట్రస్టు పాత ఇళ్లను కూల్చి వీధులను వెడల్పు చేసింది, కార్మికుల కోసం కొన్ని చాళ్లు కట్టించింది. కూల్చిన వేగంతో కట్టడం మాత్రం జరగలేదు. నిరాశ్రయులైనవారు పక్క బస్తీల్లోని తమవారి గదుల్లోనే సర్దుకున్నారు.

తమవారు లేనివారి సంగతేమిటి? దీనికి 1917 నాటి బరోడా సమాధానం చెబుతుంది. కొలంబియా, లండన్‌లలో చదివి వచ్చిన అంబేడ్కర్, తన విద్యకు సాయం చేసిన బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరారు. హిందువుల హోటల్‌లో అస్పృశ్యునికి చోటు లేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో దిగవలసి వచ్చింది. పదకొండో రోజు ఉదయం కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి సాయంత్రంలోగా ఖాళీ చేయమంది. ఆయన ఇద్దరు మిత్రులను ఆశ్రయించారు. వారిలో ఒకరు హిందువు, మరొకరు క్రైస్తవుడు. ఇతన్ని రానిస్తే ఇంటి నౌకర్లు వెళ్లిపోతారని మొదటివారు, భార్య వచ్చాక ఆమెను అడిగి చెబుతానని రెండోవారు అన్నారు. సంస్థానంలో అధికారి అయిన వ్యక్తి, రైలు వేళ దాకా ఉద్యానవనంలో కూర్చుని బొంబాయికి తిరిగి వెళ్లారు. డిగ్రీలు, జీతం, ప్రభుత్వ ఉద్యోగం అన్నీ ఉన్నా ఆ నగరంలో ఆయనకు పూచీ పడేవారు దొరకలేదు. బొంబాయిలో మాత్రం పరేల్‌లోని ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు చాల్‌లో రెండు గదుల్లో ఆయన కుటుంబం ఏళ్ల తరబడి నివసించింది. ఆ ఇంటి యజమాని ఒక ప్రభుత్వ సంస్థ కావడం గమనించదగ్గ విషయం.

ఇదే అంబేడ్కర్ రాజ్యాంగ ముసాయిదాకు సారథి అయ్యారు. దుకాణాలు, హోటళ్లు, బావులు, స్నానఘట్టాల్లో మతం, కులం, లింగం వంటి కారణాలతో ఎవరినీ అడ్డుకోరాదని 15వ అధికరణ రెండో క్లాజు చెబుతుంది. 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో దీనిపై చర్చ జరిగినప్పుడు, ‘దుకాణం’ అన్న పదాన్ని విస్తృతార్థంలో తీసుకోవాలనీ, కోరి వచ్చినవారికి సేవ అందించే ప్రతి చోటూ అందులోకి వస్తుందనీ ఆయన వివరించారు. అయినా ఆ జాబితాలో అద్దె ఇల్లు అన్న మాట లేదు. అందరికీ తెరిచిన హోటల్ గదికి రక్షణ ఉంది. నెలసరి అద్దెకిచ్చే గదికి అంత స్పష్టమైన రక్షణ లేదు.

స్వతంత్ర భారత ప్రభుత్వాలు అద్దె ఎంత ఉండాలన్న ప్రశ్నను పట్టించుకున్నాయి. ఇల్లు ఎవరికి ఇస్తారన్నది అడగలేదు. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం అద్దెలను 1940 సెప్టెంబర్ నాటి స్థాయికి కట్టేసింది. ఉన్న కిరాయిదారులకు అది కొండంత అండ. కానీ కొత్తగా అద్దెకివ్వడం యజమానికి లాభసాటి కాకుండా పోయింది. ‘పగ్డీ’ పేరిట చేతులు మారే పెద్ద మొత్తాలు మొదలయ్యాయి. ఇచ్చిన ఇల్లు తిరిగి రాదన్న భయంతో తెలిసినవారు చెబితే తప్ప యజమానులు తలుపు తీయలేదు. నగర కుటుంబాల్లో అద్దెకుండేవి 1961లో సగానికి పైగా ఉంటే, 2011 జనగణన నాటికి నాలుగో వంతును కాస్త మించి మాత్రమే ఉన్నాయి. అదే జనగణనలో నగరాల్లో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా తేలాయి.

2005లో అహ్మదాబాద్‌లోని పార్సీ గృహ సహకార సంఘం కేసులో సుప్రీంకోర్టు, సభ్యత్వాన్ని తమ సమాజానికే పరిమితం చేసుకునే హక్కు సంఘానికి ఉందని తీర్పునిచ్చింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛే దానికి ఆధారం. కోరిన చోట ఇల్లు కొనలేకపోతున్నామని, అద్దెకు తీసుకోలేకపోతున్నామని ముస్లింలు చెప్పిన సంగతిని మరుసటి ఏడాది సచార్ కమిటీ నమోదు చేసింది. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది, రెంట్ కోర్టులను ప్రతిపాదించింది. వివక్ష విషయంలో అది మౌనంగానే ఉంది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికే, 1968లో, అమెరికా గృహ వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. చిన్న యజమానులకు కొన్ని మినహాయింపులున్నా, తిరస్కరణకు గురైనవారు కోర్టుకెక్కే మార్గం అక్కడ ఏర్పడింది.

పొరుగువారి మాటసాయాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ప్రభుత్వం గానీ మార్కెట్ గానీ ఇల్లు చూపని కాలంలో లక్షలాది వలస కార్మికులకు నగరంలో కాలు మోపే చోటు ఇచ్చింది అదే. నేడు నలుగురు బ్రహ్మచారుల తరఫున యజమానితో మాట్లాడే ఎదురింటి పెద్దాయన చేస్తున్నదీ ఆ పనే. అయితే ‘మావాళ్లే’ అన్న మాటతో తెరుచుకునే తలుపు, ఆ మాట చెప్పేవారు లేనివారికి మూసే ఉంటుంది. ఇంటిపేరు, మతం, వంటింటి వాసన, పెళ్లి కాకపోవడం, అన్నీ ఆ మూసిన తలుపు వెనుక కారణాలవుతాయి, పైకి మాత్రం ‘ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశాం’ అన్న ఒక్క మాటే వినిపిస్తుంది. బరోడాలో ఆ యువ అధికారి అడిగింది కొన్నాళ్ల ఆశ్రయం మాత్రమే. ఎవరి పూచీ లేకుండానే పౌరుడు దాన్ని పొందే హక్కును చట్టం నేటికీ రాయలేదు.