విమానంలో ఫోన్ ఆన్‌లో ఉంటే నిజంగా ప్రమాదమా? ఫ్లైట్ మోడ్ నిబంధన ఎందుకు?

టాటానగర్‌లో స్థిరపడిన తెలుగువారికి సొంతూరి ప్రయాణమంటే తరతరాలుగా రైలే. ఇప్పుడు రాంచీ వెళ్లి హైదరాబాద్‌ విమానం ఎక్కేవారూ పెరిగారు. 2023 జనవరి చివర్లో జంషెడ్‌పూర్‌లోని సోనారి ఎయిర్‌పోర్టు నుంచే కోల్‌కతాకు తొమ్మిది సీట్ల చిన్న విమాన సర్వీసు కూడా మొదలైంది. రైల్లో దారిపొడవునా ఫోన్‌లో మాట్లాడుకుంటూ వెళ్లేవారికి విమానంలో ఎదురయ్యే మొదటి ఆంక్ష 'మీ ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి' అన్నదే.

నూట ఎనభై మంది ఎక్కిన విమానంలో ఒకరిద్దరైనా ఆ మాట మరచిపోతారు. అయినా విమానం క్షేమంగానే దిగుతుంది. మరి ప్రమాదం ఉన్నట్టా, లేనట్టా?

క్లుప్తంగా చెప్పాలంటే, ఆధునిక జెట్ విమానాన్ని ఒక ప్రయాణికుడి ఫోన్ కూల్చేసే అవకాశం దాదాపు లేదు. కానీ ఆ నిబంధన అర్థం లేనిదీ కాదు. ఇక ఫోన్‌ వల్ల ఈరోజు విమానంలో కళ్లెదుట కనిపిస్తున్న అసలు ప్రమాదం సిగ్నల్‌ది కాదు, బ్యాటరీది.

ఈ ఆంక్ష ఎలా వచ్చింది?

దీని మూలం మొబైల్ ఫోన్ కాదు, ఎఫ్ఎం రేడియో. విమానానికి దారి చూపే వీఓఆర్ వ్యవస్థ, రన్‌వే మధ్య గీతను చూపించే లోకలైజర్ 108 నుంచి 118 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. 88-108 మధ్య స్టేషన్లు పట్టే ఎఫ్ఎం రేడియో లోపల, మనం పెట్టుకున్న స్టేషన్ కంటే 10.7 మెగాహెర్ట్జ్ ఎక్కువ ఫ్రీక్వెన్సీలో ఒక తరంగం పుడుతుంది. అంటే 100 దగ్గర పాట వింటుంటే, రేడియో నుంచి 110.7 దగ్గర సన్నటి సంకేతం బయటికి వస్తుంది. అది సరిగ్గా విమానం వినే చోటే. అందుకే 1960ల తొలినాళ్లలోనే అమెరికాలో దీనిపై అధ్యయనాలు, ఆంక్షలు మొదలయ్యాయి.

మొబైల్ ఫోన్ల విషయంలో కథ వేరు. విమానాల్లో సెల్‌ఫోన్ల వాడకాన్ని 1991లో నిషేధించింది విమానయాన సంస్థ కాదు, అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ. నేల మీద మన ఫోన్‌కు దగ్గర్లోని కొన్ని టవర్లే అందుతాయి. పైనుంచి ఒకేసారి ఎన్నో టవర్లకు దాని సిగ్నల్ తగులుతుంది. పైగా గంటకు 800 కిలోమీటర్ల వేగంతో టవర్లు మారుతూ పోతుంది. కింద ఉన్న నెట్‌వర్క్‌కు ఇది గందరగోళం. అప్పటి ఆందోళన ప్రధానంగా టవర్ల గురించే.

విమాన పరికరాలపై ప్రభావం ఉంటుందా?

ఉండొచ్చు. అయితే ఎంత అనేది విమానాన్ని బట్టి, ఫోన్‌ను బట్టి మారుతుంది. టవర్ దూరమైన కొద్దీ ఫోన్ తన శక్తిని పెంచుకుంటుంది. 2జీ ఫోన్ గరిష్ఠంగా 2 వాట్ల వరకు వెళ్తుంది. 4జీలో అది సుమారు 0.2 వాట్లే. పాత ఫోన్‌ను స్పీకర్ పక్కన పెడితే వచ్చే 'టిక్‌టిక్‌టిక్, బర్ర్' శబ్దం గుర్తుందా? అదే శబ్దం పైలట్ హెడ్‌ఫోన్‌లోనూ వినిపించవచ్చు. ల్యాండింగ్ సమయంలో కంట్రోల్ టవర్ చెప్పే ఒక్క అంకె సరిగ్గా వినపడకపోయినా అది చిన్న విషయం కాదు.

పరీక్షల్లో బయటపడిన ఉదాహరణ కూడా ఉంది. బోయింగ్ 737, 777 విమానాల్లోని ఒక రకం కాక్‌పిట్ తెరలు వైఫై సంకేతాల వల్ల మసకబారి, ఖాళీ అయ్యే అవకాశం ఉందని తేలింది. దాంతో 1,300కు పైగా విమానాల్లో ఐదేళ్లలోగా ఆ తెరలను మార్చాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2014లో ఆదేశించింది. అవి నడుస్తున్న విమానంలో జరిగిన ప్రమాదాలు కావు. కానీ 'ఏమీ కాదు' అని ముందే అనుకుని ఉంటే ఆ లోపం దొరికేదే కాదు.

చిన్న విమానాల సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. 2003 జూన్ 6న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ దగ్గర ఒక పైపర్ నవాహో విమానం రాత్రివేళ దిగబోతూ కూలింది. పది మందిలో ఎనిమిది మంది చనిపోయారు. చివరి నిమిషాల్లో పైలట్ సొంత ఫోన్ కాల్‌లోనే ఉంది. కనీస ఎత్తు కంటే కిందికి దిగిపోవడాన్ని పైలట్ గమనించకపోవడమే ప్రధానాంశమని దర్యాప్తు చెప్పింది. ఫోన్ వల్ల దిగే కోణాన్ని చూపే పరికరం తప్పు చూపి ఉండొచ్చన్న అవకాశాన్నీ నివేదికలో రాసింది. రుజువైందని చెప్పలేదు, కొట్టిపారేయనూ లేదు.

సోనారి నుంచి మొదలైన సర్వీసు సెస్నా గ్రాండ్ కారవాన్ రకం విమానంతో నడిచేది. ఇందులో ప్రయాణికులు పైలట్ వెనకాలే కూర్చుంటారు. ఫోన్‌కూ పరికరాలకూ మధ్య దూరం తక్కువ. జెట్ విమానాల కంటే ఇవి బాగా తక్కువ ఎత్తులో ఎగురుతాయి కాబట్టి ఫోన్‌కు కింది టవర్లూ అందుతుంటాయి. ఎయిర్‌బస్‌లో 'ఏం కాలేదు' అన్న అనుభవం ఇలాంటి విమానానికి హామీ కాదు.

మరి విమానంలో వైఫై, కాల్స్ ఎలా ఇస్తున్నారు?

2008 మార్చిలో ఎమిరేట్స్ తన విమానంలో మొబైల్ కాల్స్‌ను అధికారికంగా మొదలుపెట్టింది. విమానంలోనే ఒక బుల్లి టవర్ ఉంటుంది. అది దగ్గరే ఉంది కాబట్టి ఫోన్ అతి తక్కువ శక్తితో పనిచేస్తుంది. అక్కడి నుంచి సిగ్నల్ ఉపగ్రహానికి వెళ్తుంది. ఆ పరికరాలను ఆ విమానంతో కలిపి ముందే పరీక్షిస్తారు. తేడా అంతా ఇక్కడే ఉంది. పరీక్షించిన సిగ్నల్ వేరు, ఎవరి జేబులోంచి ఏ శక్తితో వస్తుందో తెలియని సిగ్నల్ వేరు.

మన దేశంలో ఫ్లైట్ మోడ్‌లో ఫోన్లు, ట్యాబ్‌లు వాడుకోవడానికి డీజీసీఏ 2014 ఏప్రిల్‌లో అనుమతించింది. విమానంలో ఇంటర్నెట్ సేవలకు 2018 డిసెంబరులో నిబంధనలు వచ్చాయి. 3,000 మీటర్ల ఎత్తు దాటాకే ఆ సేవ ఇవ్వాలి. 2025 జనవరి 1 నుంచి ఎయిరిండియా కొన్ని దేశీయ విమానాల్లో వైఫై ఇస్తోంది.

5జీ గొడవ ఏంటి?

2022 జనవరి 19న అమెరికా వెళ్లాల్సిన కొన్ని విమానాలను ఎయిరిండియా రద్దు చేసినప్పుడు, అక్కడ పిల్లలున్న తెలుగు కుటుంబాల్లోనూ కలవరం రేగింది. అది ప్రయాణికుల ఫోన్ల సమస్య కాదు, ఎయిర్‌పోర్టుల దగ్గరి టవర్ల సమస్య. నేలకు ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పే రేడియో ఆల్టీమీటర్ 4.2-4.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. అమెరికా 5జీకి ఇచ్చిన బ్యాండ్ 3.98 దాకా వెళ్లింది. మన దగ్గర అది 3.67 వద్దే ఆగుతుంది. అయినా రన్‌వే చివర్ల నుంచి 2.1 కిలోమీటర్ల దాకా, మధ్య గీతకు అటూ ఇటూ 910 మీటర్ల దాకా ఆ బ్యాండ్ 5జీ టవర్లు పెట్టవద్దని టెలికాం శాఖ 2022 నవంబరులో కంపెనీలకు చెప్పింది.

అసలు భయపడాల్సింది దేనికి?

బ్యాటరీకి. 2022 ఏప్రిల్‌లో దిబ్రూగఢ్ నుంచి ఢిల్లీ వెళ్తున్న ఇండిగో విమానంలో ఒక ప్రయాణికుడి ఫోన్ గాల్లోనే నిప్పురవ్వలు కక్కింది. సిబ్బంది వెంటనే ఆర్పేశారు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న విమానం పైభాగం కాలిపోయింది. అందరూ బయటపడ్డారు. దర్యాప్తులో అనుమానం పవర్ బ్యాంక్ మీదికే వెళ్లింది. లిథియం బ్యాటరీ లోపల షార్ట్ అయితే ఆ వేడి ఒక సెల్ నుంచి మరో సెల్‌కు పాకుతుంది. ఆర్పినా మళ్లీ అంటుకోవచ్చు. పవర్ బ్యాంకులను చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వకపోవడానికి కారణం అదే. కాబిన్‌లో మంట మొదలైతే ఎవరో ఒకరు చూస్తారు, సామాను గదిలో చూసేవారు ఉండరు.

ప్రయాణికులు ఏం చేయాలి?

తలుపులు మూయగానే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సిబ్బంది అనుమతిస్తే వైఫై, బ్లూటూత్ మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. చిన్న విమానంలో ఈ విషయంలో మరింత కచ్చితంగా ఉండండి. పవర్ బ్యాంక్‌ను చేతి సంచిలోనే, కంటికి కనపడేలా ఉంచుకోండి. 100 వాట్-అవర్ వరకు సాధారణంగా అనుమతిస్తారు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ సుమారు 74 వాట్-అవర్‌కు సమానం. ఫోన్ సీటు సందులో పడిపోతే సీటును వెనక్కీ ముందుకీ కదపకుండా సిబ్బందిని పిలవండి. నలిగిన బ్యాటరీ అంటుకుంటుంది. ఫోన్ వేడెక్కినా, ఉబ్బినా దాచకుండా వెంటనే చెప్పండి.

ఫ్లైట్ మోడ్ నొక్కడం మనకు ఒక్క క్షణం పని. విమానాన్ని దించుతున్న పైలట్‌కు అది ఒక సందేహం తగ్గడం.