పాస్‌వర్డ్ సరైనదే, నెట్ మాత్రం రాలేదు

విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక ఆడిట్ ఆఫీసులో 2009 మార్చి 12న వైఫైకి పాస్‌వర్డ్ పెట్టారు. ఆ సాయంత్రం నుంచి ఒక ల్యాప్‌టాప్‌లో నెట్ ఆగిపోయింది. ఏప్రిల్ 20 దాకా సరిగా రాలేదు. ఆ మధ్యలో ఫోన్ లైను పరీక్ష చేయించారు, రౌటర్‌ను వేరే గదికి మార్చారు, వైఫై అడాప్టర్ కొత్తది కొన్నారు. కారణం ఏమిటో ఎక్కడా రాసి లేదు. ఆఫీసు పాత కాగితాలు తీసేసేటప్పుడు నాకు చూడనిచ్చినవి కంప్లయింట్ రిజిస్టరు, అడాప్టర్ బిల్లు, రెండు ప్రింట్లు (ఒకటి రౌటర్ సెట్టింగుల పేజీది, ఇంకొకటి ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ వివరాలది). కారణం తేల్చడానికి అవి సరిపోయాయి.

ముందు ఆ తేదీ సంగతి. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియాకు ఒక ఈమెయిల్ అందింది. అది నవీ ముంబైలో పాస్‌వర్డ్ లేని ఒక వైఫై నుంచి వెళ్లిందని దర్యాప్తులో తేలింది. 2009 ఫిబ్రవరిలో, వైఫైని భద్రంగా వాడేలా చూడాలని ప్రభుత్వం ఇంటర్నెట్ సంస్థలకు ఆదేశాలిచ్చింది. మార్చి 12న ఈ ఆఫీసుకు టెక్నీషియన్ వచ్చినట్టు రిజిస్టరులో ఉంది. ఆదేశం వల్లే వచ్చాడా, వీళ్లే పిలిపించారా అన్నది రాసి లేదు. నేను ఊహించను.

ఆ సాయంత్రం రాసిన మాటలు ఇవి: సిగ్నల్ ఫుల్, కనెక్టెడ్ అని ఉంది, పేజీ తెరుచుకోదు.

మొదటి అనుమానం ఫోన్ లైను మీదికి వెళ్లింది. మార్చి 16న లైన్‌మన్ వచ్చి చూశాడు. అదే రోజు, అదే రౌటర్‌కు కేబుల్‌తో కలిపిన డెస్క్‌టాప్‌లో రిటర్నులు ఫైల్ చేసినట్టు పక్క గడిలో ఉంది. లైను పోతే డెస్క్‌టాప్ కూడా ఆగాలి. ఆగలేదు. కాబట్టి లైను బాగానే ఉంది.

రెండో అనుమానం దూరం. రౌటర్‌ను ముందు గదికి తెచ్చారు. ల్యాప్‌టాప్‌ను దాని పక్కనే పెట్టినా అంతే అని మార్చి 18న రాశారు. అసలు మొదటి రోజే సిగ్నల్ ఫుల్ అని ఉంది. ఈ దారి కూడా అక్కడితో మూసుకుపోయింది.

మూడోది పాస్‌వర్డ్ తప్పు కొట్టారేమోనన్నది. అందరికీ మొదట తట్టేది ఇదే కానీ, రిజిస్టరులోని ఒక మాట దీనికి అడ్డొస్తుంది. పాస్‌వర్డ్ తప్పయితే కనెక్టెడ్ అని ఎందుకు వచ్చింది? ఇదే ప్రశ్న ఈ ఆఫీసువాళ్లనూ ఆపేసింది. వాళ్లు పాస్‌వర్డును అక్షరం అక్షరం సరిచూసుకుని, సరిగ్గానే ఉందని రాసుకుని, ఆ విషయం వదిలేశారు.

జవాబుకు దారి రౌటర్ ప్రింటులో దొరికింది. ఎన్‌క్రిప్షన్ ఎదురుగా వెప్, 128 బిట్ అని ఉంది. అథెంటికేషన్ ఎదురుగా ఓపెన్ సిస్టమ్ అని ఉంది. వెప్ అంటే 1997లో వైర్‌లెస్ ప్రమాణంతో పాటు వచ్చిన తొలి రక్షణ పద్ధతి. ఓపెన్ సిస్టమ్‌లో లోపలికి వచ్చే యంత్రాన్ని రౌటర్ కీ అడగదు. వచ్చినవాళ్లందరినీ చేర్చుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి ప్యాకెట్‌నూ తన కీతో విప్పి చూస్తుంది. లోపల ఉన్న 32 బిట్ల సరిచూపు లెక్క కుదరకపోతే ఆ ప్యాకెట్‌ను పారేస్తుంది. తప్పు జరిగిందని అవతలి యంత్రానికి చెప్పదు. షేర్డ్ కీ అనే రెండో పద్ధతి ఉండేది. అందులో కీ తప్పయితే మొదట్లోనే తిరస్కరణ వచ్చేది. కానీ ఆ పరీక్ష గాలిలో వింటున్నవాడికి ఎక్కువ ఆనవాళ్లు ఇస్తుంది కనుక ఓపెనే మేలని భద్రత తెలిసినవాళ్లు చెప్పేవారు. ఆ మంచి సలహా పాటించిన చోట తప్పు కీ బయటపడేది కాదు.

రెండో ప్రింటు దీన్ని నిలబెడుతుంది. అందులో ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ 169.254తో మొదలవుతుంది. ఇది రౌటర్ ఇచ్చిన అడ్రస్ కాదు. అడ్రస్ ఇవ్వమని అడిగితే ఎవరూ పలకనప్పుడు విండోస్ తనకు తాను పెట్టుకునే అడ్రస్. అంటే ల్యాప్‌టాప్ అడిగింది, ఆ అడగడం రౌటర్‌కు అర్థం కాలేదు. రెండు వైపులా ఉన్న కీలు వేరువేరు.

అయితే పాస్‌వర్డ్ సరైనదని రాసుకున్నారు కదా. ఈ రెండూ ఎలా పొసగుతాయి?

ఇక్కడ నేను చాలాసేపు తప్పు దారిలో వెతికాను, ఆ దారి చెప్పదగ్గదే. వెప్‌లో నాలుగు కీలు పెట్టుకోవచ్చు, వాటిలో ఏది వాడాలో నంబరుతో చెప్పాలి. రౌటర్లు వాటిని 1 నుంచి 4 వరకు లెక్కించేవి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ మొదట 0 నుంచి 3 వరకు లెక్కించేది. రౌటర్‌లో ఒకటో కీ ఉంటే ఎక్స్‌పీలో సున్నా ఎంచుకోవాలి. ఒకటి ఎంచుకున్నవాళ్లకు సరిగ్గా ఇవే లక్షణాలు కనిపించేవి. కానీ ఈ తేడాను ఎక్స్‌పీకి తర్వాత వచ్చిన సవరణల కట్ట, సర్వీస్ ప్యాక్ 1లోనే సరిచేశారు. ఈ ల్యాప్‌టాప్‌లోని ఎక్స్‌పీకి ఏ సర్వీస్ ప్యాక్ ఉందో ప్రింటు చెప్పదు. మార్చి 20 నాటి రిజిస్టరు చెబుతుంది. తెరమీద వచ్చిన హెచ్చరికను గుమస్తా తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు: లిమిటెడ్ ఆర్ నో కనెక్టివిటీ. ఆ హెచ్చరిక 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో మొదలైంది. కాబట్టి నంబరు తేడా ఇక్కడ లేదు.

ఆఫీసువాళ్లను తప్పుదోవ పట్టించిన ఆధారం మరొకటి ఉంది. యజమాని ల్యాప్‌టాప్‌లో అదే పాస్‌వర్డ్‌తో మొదటి రోజు నుంచీ నెట్ వచ్చింది. దాంతో రెండో ల్యాప్‌టాప్ అడాప్టరే చెడిందని తీర్మానించి ఏప్రిల్ 6న యూఎస్‌బీ అడాప్టర్ కొత్తది కొన్నారు. బిల్లు ఉంది. మర్నాడు రిజిస్టరులో, కొత్తది పెట్టినా అదే తంతు అని ఉంది. రెండు అడాప్టర్లకూ ఒకే జబ్బు ఉండదు. తేడా రెండు యంత్రాల మధ్యే వెతకాలి. యజమాని యంత్రంలో రౌటర్ తయారుచేసిన కంపెనీదే కార్డు, ఆ కంపెనీదే సాఫ్ట్‌వేర్. రెండోదానిలో విండోస్ సొంత వైఫై సెట్టింగుల పెట్టె వాడారు.

చిక్కుముడి అసలు ముడి ఇదే. వెప్‌కు కావలసింది పాస్‌వర్డ్ కాదు, కీ. 128 బిట్ అని పిలిచేదానిలో 24 బిట్లు ప్యాకెట్‌కొకసారి మారేవి. మిగిలిన 104 బిట్లు, అంటే 13 బైట్లు, మనం ఇచ్చే కీ. మనిషి కొట్టిన పదాన్ని ఆ 13 బైట్లుగా ఎలా మార్చాలో ప్రమాణం చెప్పలేదు. ఆ ఖాళీని ఎవరికి తోచినట్టు వాళ్లు నింపారు. ఆపిల్ యంత్రాల్లోనైతే రౌటర్ చూపిన హెక్స్ కీని, అంటే బైటుకు రెండంకెలుగా రాసిన కీని, కొట్టేముందు డాలర్ గుర్తు పెట్టాల్సి వచ్చేది.

ప్రింటులో పాస్‌ఫ్రేజ్ గడిలో విజయవాడ అని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, దాని వెంటే ఊరి పిన్‌కోడ్ మొదటి మూడంకెలు 520 ఉన్నాయి. లెక్కపెడితే పది అక్షరాలు, మూడు అంకెలు. మొత్తం 13.

ఎక్స్‌పీ పెట్టె 5 లేదా 13 అక్షరాలు, కాకుంటే 10 లేదా 26 హెక్స్ అంకెలు తీసుకునేది. మరే పొడవైనా తప్పు చూపించేది. ఈ పదం 12 అక్షరాలైనా, 14 అయినా మార్చి 12నే గొడవ బయటపడేది. సరిగ్గా 13 కావడంతో ఎక్స్‌పీ ఏమీ అనకుండా తీసుకుని, ఒక్కో అక్షరాన్ని దాని కోడ్‌గా మార్చి కీగా పెట్టుకుంది. అలా చేస్తే కీ 76, 69తో మొదలై 35, 32, 30తో ముగుస్తుంది. ప్రింటులో రౌటర్ చూపిన 26 అంకెలు 76తో మొదలు కావు. ఆ కాలంలో చాలా రౌటర్లు వాడిన పద్ధతి వేరు. పదాన్ని 64 బైట్లు నిండేదాకా మళ్లీ మళ్లీ పేర్చి, ఎండీ5 అనే లెక్క వేసి, అందులో మొదటి 13 బైట్లు తీసుకునేవి. ఆ లెక్క నేను ఈ పదంతో వేశాను. వచ్చిన 26 అంకెలూ ప్రింటుతో సరిపోయాయి. పాస్‌వర్డ్ ఒకటే, కీలు రెండు. యజమాని సాఫ్ట్‌వేర్ రౌటర్ లెక్కే వేసింది కనుక ఆయనకు నెట్ వచ్చింది.

ఆ 26 అంకెలు ఆఫీసులో ఎవరికైనా ముందే తెలుసా అన్నది మిగిలింది. రౌటర్ ప్రింటు అడుగున తేదీ 4/9/2009 అని ఉంది. మనవాళ్లు దాన్ని సెప్టెంబర్ 4 అని చదువుతారు, నేనూ మొదట అలాగే చదివాను. కానీ ఏప్రిల్ 20న వేరే రక్షణ పద్ధతికి మార్చాక ఈ రౌటర్‌లో వెప్ లేదు. వెప్ చూపే పేజీ సెప్టెంబర్‌లో ప్రింటు కావడం కుదరదు. అమెరికా పద్ధతిలో నెల ముందు చదివితే ఏప్రిల్ 9. ఆ రోజు రిజిస్టరులో వేరే చేతిరాతతో, పెద్ద నంబరు కొట్టాక నెట్ వచ్చింది అని ఉంది. అంతకుముందు ఆ అంకెల ప్రస్తావన ఎక్కడా లేదు.

కథ అక్కడ ముగియలేదు. అదే పేజీలో 11.05, 11.08, 11.11 అని కట్ అయిన వేళలు వరుసగా ఉన్నాయి. మైక్రోవేవ్ ఓవెన్ వల్లో, పక్క ఆఫీసు వైఫై వల్లో అయితే ఇంత లెక్కగా తెగదు. ఎక్స్‌పీలో 802.1ఎక్స్ అథెంటికేషన్ అనే టిక్ ఒకటి ఉండేది. అది పెద్ద సంస్థల్లో వేరే సర్వర్‌తో గుర్తింపు చూసే ఏర్పాటు. ఇంటి రౌటర్‌లో ఆ సర్వర్ ఉండదు. టిక్ ఉండిపోతే విండోస్ ఆ గుర్తింపు కోసం ఎదురుచూసి, రాకపోయేసరికి లింకు తెంచి మళ్లీ మొదలుపెట్టేది. ఏప్రిల్ 11న టిక్ తీశాం అని ఉంది. ఆ తర్వాత వేళలు లేవు. కానీ ల్యాప్‌టాప్ ఊరికి తీసుకెళ్లి తెచ్చిన ప్రతిసారీ సెట్టింగు పోయిందన్న ఫిర్యాదులు ఏప్రిల్ 18 వరకు ఉన్నాయి.

ఏప్రిల్ 20న రౌటర్‌ను వెప్ తర్వాత వచ్చిన రక్షణ పద్ధతి డబ్ల్యూపీఏకి మార్చారు. దానికి ముందే కారణం ఉంది. వెప్‌లోని బలహీనతను 2001లోనే పరిశోధకులు చూపించారు. 2007కల్లా 104 బిట్ల కీని నిమిషంలోపు తీయడం సాధ్యమైంది. ఇంత అవస్థ పెట్టిన రక్షణ, కావాలని వచ్చేవాడిని ఆపలేకపోయేది. ఆ మార్పు ఎవరు సూచించారో రిజిస్టరు చెప్పదు. నా నిర్ధారణకు మాత్రం అది గట్టి పరీక్ష అయింది. డబ్ల్యూపీఏలో పదాన్ని కీగా మార్చే పద్ధతి ప్రమాణంలోనే ఉంది. 8 నుంచి 63 అక్షరాల పాస్‌ఫ్రేజ్‌కు నెట్‌వర్క్ పేరు కలిపి 4096 చుట్లు లెక్క వేస్తే 256 బిట్ల కీ వస్తుంది. ఏ కంపెనీ యంత్రంలోనైనా అదే వస్తుంది. నెట్‌వర్క్ పేరు మారితే కీ కూడా మారుతుంది. ఆ రోజు రిజిస్టరులో, పాత పాస్‌వర్డే పెట్టాం, అన్నిటిలో వస్తోంది అని రాశారు. అంటే ఎవరూ ఏ అక్షరమూ తప్పు కొట్టలేదు.

తీసేసిన పాత అడాప్టర్‌ను జూన్‌లో ముందు గది డెస్క్‌టాప్‌కు పెట్టినట్టు రిజిస్టరు చివర్లో ఒక నమోదు ఉంది. అది పనిచేసింది. ఏప్రిల్ 6న కొన్న అడాప్టర్ అవసరం లేనిది.